అడ్డపొగ అత్తరు

పెద్ద ఊళ్ళలో అద్దాల కొట్లలో అమ్మిన సెంటు ఒకటి ఉంది. పొగాకు, బెల్లం కలిసిన వాసన. తియ్యగా, వెచ్చగా, చలికాలం పొద్దున ఎవరో దుప్పట్లోకి లాక్కున్నట్టు ఉంటుంది. ఆ వాసన నాది. సరిగ్గా చెప్పాలంటే నా చుట్టది. ఆ సెంటు చేసినావిడ మా ఇంట్లో అద్దెకుండి, నా పక్కన పీట వేసుకుని కూర్చుని, నేను చుట్ట కాలుస్తుంటే కళ్ళు మూసుకుని పీల్చి, లోపలికి పోయి సీసాలో పెట్టింది.

ఈ సంగతి అరకులో నేను చెప్పని మనిషి లేడు. స్టేషన్ దగ్గర కాఫీ కొట్టువాడికి చెప్పాను. బొర్రా గుహలకు జనాన్ని తిప్పే జీపు డ్రైవర్లకు చెప్పాను. రోడ్డు పక్కన బొంగులో కోడిమాంసం కాల్చేవాళ్ళకు చెప్పాను. ఎవరు నమ్మారో ఎవరు నమ్మలేదో నేను పట్టించుకోలేదు. చెబుతున్నంతసేపూ నా చుట్ట మీద నాకే గౌరవం పెరిగేది.

మొన్న శుక్రవారం సంతలో పసుపు కొమ్ములు బేరమాడుతున్నాను. వెనకనుంచి ఎవరో నడిచి వెళ్ళారు. పసుపు, ఎండుచేపలు, తడిసిన గోనెసంచులు, అన్నిటినీ దాటుకుని ఆ వాసన వచ్చి నా మెడ పట్టుకుంది. తిరిగి చూస్తే శాలువా కప్పుకున్న పట్నం అమ్మాయి. పసుపు అక్కడే వదిలేసి వెనక పడ్డాను. డెబ్బై దాటిన ముసలాడు ముక్కు ఎగబీలుస్తూ ఒక పడుచుపిల్ల వెంట సంతలో నడిస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారో ఆ క్షణాన తట్టలేదు. కుండలు పేర్చినచోట ఆ పిల్ల ఆగి వెనక్కి తిరిగింది.

“ఏం కావాలి అంకుల్?”

“నీ ఒంటి మీది వాసన నాదమ్మా,” అన్నాను.

ఎలా అనాల్సిన మాట ఎలా వచ్చిందో చూడండి. పక్కనున్న కుర్రాడు చొక్కా చేతులు పైకి లాగుతూ ముందుకొచ్చాడు. నేను గబగబా, ఇక్కడి స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణనీ, ఆ సెంటు చేసినావిడ మా ఇంట్లోనే ఉండేదనీ, అది నా చుట్ట వాసననీ ఒక్క గుక్కలో చెప్పేశాను. కుర్రాడు తగ్గాడు. ఆ అమ్మాయి మొహం మాత్రం మారిపోయింది.

“ఆవిడ మీకు తెలుసా? అయితే వినే ఉంటారు. ఇది ఇంక రాదని కొట్లో చెప్పారు అంకుల్. నా దగ్గరున్నదే ఆఖరి సీసా. పోయిన చలికాలంలో పోయారు కదా ఆవిడ.”

నేను వినలేదు. విన్నట్టే తల ఊపాను. తెలియనిది తెలిసినట్టు తల ఊపడం నాకు ఉద్యోగంలో అబ్బిన విద్య. ఆ అమ్మాయి ఏమనుకుందో ఏమో, చేతిసంచిలోంచి సీసా తీసి, నా మణికట్టు తిప్పి, ఒక చుక్క వేసింది. పసుపు లేకుండానే ఇంటికి బయల్దేరాను. ఆ చెయ్యి ఎవరికీ తగలకుండా గుండెల దగ్గర పెట్టుకుని నడిచాను. దారిపొడవునా ఒకటే బెంగ. మా ఆవిడకు ఎలా చెప్పాలి?

చెప్పడం ఎలాగో అయింది. ఆ సంగతి చివర్లో రాస్తాను. ముందు ఆవిడ గురించి రాయాలి. నోటితో చెబితే పెంచుతాను, కాగితం మీదైతే కాస్త అదుపులో ఉంటానని నా ఆశ. ఆ లెక్కన ఇప్పటికే ఒకటి దిద్దుకోవాలి. నేను స్టేషన్ మాస్టరును కాదు. పాయింట్స్‌మన్‌ని. జెండా ఊపాను, పట్టాలు మార్చాను, మాస్టరుగారికి టీ తెచ్చాను. మిగతావి వరసలో వస్తాయి.

ఆవిడ పేరు రాయను. తన సీసా మీద తనే పేరు వేసుకోలేదు, నేనెవర్ని వెయ్యడానికి? నేను మేడమ్ అనేవాణ్ణి. మా ఆవిడ ‘గుంట’ అనేది, చిన్నపిల్లని అన్నట్టు. యాభై దాటిన మనిషిని గుంట అంటావేమిటే అంటే, “మొగుడు లేడు, పిల్లల్లేరు, ఏలకింత తిందామన్న ద్యాస లేదు. గుంట కాక మరేటి?” అనేది.

ఆవిడ కిరండూల్ రైలుబండిలో వచ్చి దిగింది. రెండు ట్రంకు పెట్టెలు. ఒకదాన్నిండా గాజుసీసాలు, ఒక్కొక్క సీసాకూ ఒక పాత చీర ముక్క చుట్టి. మా పెరటివైపు రేకుల గది చూసి, గోడ వాసన చూసింది. తలుపు గొళ్ళెం వాసన చూసింది. అద్దెకు ఇళ్ళు చూసేవాళ్ళు కుళాయి తిప్పి చూస్తారు, కిటికీ తీసి చూస్తారు. ఈవిడ గొళ్ళెం వాసన చూసి, “బావుంది, ఉంటాను,” అంది. అలమారులో ఉన్న నా పాత రైల్వే విజిల్ కూడా తీసి వాసన చూసి, “బాబాయ్ గారూ, దీంట్లో ఇంకా మీ ఉమ్మి ఉంది,” అని ఉన్నచోటే పెట్టింది.

చాలా ఏళ్ళు సబ్బులకూ అగరవత్తులకూ నేల తుడిచే మందులకూ వాసనలు కట్టిందట. ‘వాసన కట్టడం’ అన్నది ఆవిడ మాటే, పాట కట్టినట్టు. “ఊళ్ళో వాళ్ళందరి బాత్‌రూములకూ కట్టాను. ఇప్పుడు నాకోసం ఒకటి కట్టుకుంటాను,” అంది. అరకు ఎందుకంటే చలికి వాసన త్వరగా ఎగిరిపోదట. పైగా కాఫీ, పిప్పళ్ళు, పసుపు, తేనె గుమ్మంలోకే వస్తాయి.

మనిషి సన్నగా, ఎప్పుడూ ఏదో విన్నట్టు తల కొంచెం పక్కకు వంచి ఉండేది. ముడి నిండా తెల్లటి కాగితపు చీలికలు గుచ్చుకుని తిరిగేది. ఒక్కో చీలికను ఒక్కో సీసాలో ముంచి, వాసన చూసి, చేతులు ఖాళీ లేక జుట్టులో దోపేది. సంతకు కూడా అలాగే పోయేది. మా వీధిలో వాళ్ళు ఇదేదో మొక్కు అనుకున్నారు. పొగాకు అమ్మే కొండ మనిషి ఒకావిడ మా ఆవిడను పక్కకు పిలిచి, “ఏ దేవతకమ్మా ఆ కాయితాలు?” అని అడిగింది. మా ఆవిడ ఆలోచించి, “ఆల అమ్మమ్మకి,” అంది. ఎంత నిజం చెప్పిందో ఆ రోజు మాకెవరికీ తెలియదు.

ఇంకో అలవాటు, మోచేతి మడత వాసన చూసుకోవడం. పది వాసనలు చూశాక ముక్కు మొద్దుబారుతుందట. అప్పుడు సొంత ఒంటి వాసన ఒకసారి చూసుకుంటే మళ్ళీ తెరుచుకుంటుందట. సంతలో నిలబడి, చెయ్యి మడిచి, మోచేతి లోపల మొహం దాచుకునేది. ఏడుస్తోందనుకుని జనం దారి ఇచ్చేవాళ్ళు.

పొద్దున లేవగానే ఆవిడ చేసే మొదటి పని, పిప్పళ్ళ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోవడం. మా ఆవిడ వాకిలి ఊడుస్తూ ఆగేది. మేడమ్ “ఉంది” అంటే చీపురు మళ్ళీ కదిలేది. “లేదు” అంటే మా ఆవిడ పోయి కాఫీ చిక్కగా పెట్టేది.

ఉంది, లేదు అన్నది పిప్పళ్ళ గురించి కాదు. ముక్కు గురించి. అంతకుముందెప్పుడో జ్వరం వచ్చి తగ్గిందట, పోతూ పోతూ ముక్కును కొంచెం కొంచెంగా తీసుకుపోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళు వాసన వస్తుంది, కొన్నాళ్ళు రాదు. రాని రోజులు పెరుగుతాయనీ, ఒకరోజు మొత్తం పోతుందనీ డాక్టర్లు చెప్పేశారు. ఈ మాట మా అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ చెప్పింది. “అది పోయేలోగా ఒక్కటి కట్టాలి పిన్నీ. ఒక్కటే.”

“ఏటది?” అంది మా ఆవిడ.

“మా అమ్మమ్మ.”

పాలకొండ దగ్గరి పల్లెలో అమ్మమ్మ ఉండేదట. ఈవిడ బాగా చిన్నప్పుడు ఆవిడ ఒళ్ళోనే పెరిగింది. తరవాత తండ్రి ఉద్యోగంతో ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ అటు పోలేదు. మొహం సరిగ్గా గుర్తులేదు. నడుం దగ్గర రొంటిన చుట్ట ఉండేదనీ, దాని పక్కనే బెల్లం ముక్క ఉండేదనీ, ఏడిస్తే ఆ బెల్లం విరిచి నోట్లో పెట్టేదనీ గుర్తు. “పొగాకు వాసన బెల్లానికి, బెల్లం వాసన పొగాకుకు పట్టేది. ఆ ఒళ్ళో ముక్కు పెట్టి పడుకునేదాన్ని. ఇంకొకటి చెబితే మీరు నవ్వుతారు. మా అమ్మమ్మ చుట్టకు నిప్పుండేది కాదు. పొగ వచ్చేది. నిప్పు మాత్రం ఉండేది కాదు. మా ఇంట్లో అందరూ అది చిన్నపిల్ల ఊహ అంటారు. నిప్పు లేని చుట్ట ఉంటుందా బాబాయ్ గారూ?”

“ఉండదమ్మా,” అన్నాను. “చిన్నపిల్లల కళ్ళు అలాగే చూస్తాయి.”

ఆ వానకాలమంతా ఆవిడ చుట్ట వెంట పడింది. సంతలో దొరికిన ప్రతి రకం పొగాకూ తెచ్చి స్పిరిట్‌లో నానబెట్టింది. బెల్లాన్ని అలా నానబెడితే వాసన రాదట. అందుకని కాఫీ తొక్కు, తేనెమైనం, పనసతొన, ఇంకా నాకు నోరు తిరగని విదేశీ గింజలు కలిపి బెల్లాన్ని కట్టింది. ఆ సంగతి మా ఆవిడకు భలే నవ్వు. “బెల్లం లేకంటా బెల్లం. ఇదేటి గుంటా, మాయ సేత్తన్నావా?” బెల్లం కుదిరింది. చుట్ట కుదరలేదు. ఏ సీసా తీసినా చివరికి బూడిద వాసనే. ఒక సాయంత్రం చీలికలన్నీ జుట్టులోంచి లాగి నేల మీద వేసి, “ఇది మా అమ్మమ్మ కాదు పిన్నీ. మా అమ్మమ్మ చితి,” అంది.

ఇక్కడ నా ఘనకార్యం చెప్పాలి. ‘లేదు’ అన్న రోజుల్లో ఆవిడకు ఇంకొకరి ముక్కు కావలసి వచ్చేది. నేనున్నానన్నాను. చీలిక ఇచ్చేది. నేను కళ్ళు మూసుకుని, పండితుడిలాగా తల ఆడించి, “ముందు మామిడి పూత వస్తోందమ్మా. దాని వెనక తడిమట్టి. బాగా లోపల, ఎక్కడో గుళ్ళో గంట మోగినట్టుంది,” అనేవాణ్ణి. ఆవిడ శ్రద్ధగా వినేది. అలా కొన్నాళ్ళు నడిచింది. ఒకరోజు ఇచ్చిన చీలికలో నాకు సంపెంగ, నెయ్యి, ఎండలో ఆరిన కొత్త గళ్ళ తువ్వాలు కనపడ్డాయి. అంతా విని ఆవిడ మెల్లగా అంది.

“బాబాయ్ గారూ, అది కుళాయి నీళ్ళు.”

మా ఆవిడ వంటింట్లోంచి నవ్విన నవ్వుకు గిన్నె జారిపడింది. మేడమ్ నవ్వలేదు. “ముక్కుకు అబద్ధం రాదు బాబాయ్ గారూ. నోటికే వచ్చు,” అని, నాకో కాఫీ పెట్టి ఇచ్చింది. ఆ తరవాత చీలికలు ఇవ్వడం మానేసింది గాని, “ఈ పూట గుడిగంట ఎలా ఉంది?” అని అడగడం మానలేదు.

నా చుట్ట సంగతి కూడా తేల్చేస్తాను. ఆవిడ నా పక్కన పీట వేసుకుని కూర్చున్న మాట నిజం. ఒక్కసారి కూర్చుంది. నేను దర్జాగా చుట్ట ముట్టించి ఒక దమ్ము లాగాను. ఆవిడకు తుమ్ములు పట్టుకుని ఆగలేదు. ఆగాక, “ఇది తగలబెట్టిన చెత్త,” అని పీట తీసుకుని వెళ్ళిపోయింది. అంతే. ఆ సెంటులో నా చుట్ట చేసిన పని ఏదైనా ఉంటే, అడ్డం పడటం ఒక్కటే. ఇల్లంతా నా పొగ కంపు కనక, దాని కింద ఇంకే వాసన ఉన్నా ఎవరికీ తెలిసేది కాదు.

కింద ఇంకో వాసన ఉంది. అది మా ఆవిడది.

మా వైపు ఆడవాళ్ళు చుట్టను అడ్డపొగ కాలుస్తారు. ముట్టించిన కొనను నోట్లో పెట్టుకుని, పెదాలు మూస్తారు. నిప్పు లోపల, చుట్ట బయట. ఊడ్పుల రోజుల్లో వానలో వంగి పని చేసేటప్పుడు బయట నిప్పు ఆరిపోతుంది కనక అలా మొదలైందంటారు. మా ఆవిడ సీతంపేట వైపు మనిషి, ఆ పాలకొండకు పక్కనే. వాళ్ళమ్మ దగ్గర నేర్చింది. ఆకు మీద పల్చటి బెల్లం నీళ్ళు చిలకరించి, తడిగుడ్డలో చుట్టి మగ్గబెట్టి, తనే చుట్టుకునేది. నోట్లో నిప్పు పెట్టుకుంటే నోరు చేదెక్కుతుంది కదా, అందుకని చుట్ట పక్కనే రొంటిలో బెల్లం ముక్క దోపుకునేది.

కాని మా ఆవిడకు సిగ్గెక్కువ. కొత్త మనిషి ముందు, అందులోనూ చదువుకున్న మనిషి ముందు నోట్లో నిప్పు పెట్టుకోవడానికి మొహమాటపడింది. మేడమ్ దిగిన దగ్గర్నుంచీ పెరటి గోడ వెనక్కి, కాఫీ మొక్కల దగ్గరికి పోయి కాల్చుకుని, నోరు పుక్కిలించి వచ్చేది. మీరడగొచ్చు, ఆవిడ నిప్పు లేని చుట్ట అన్నప్పుడు నీకు తట్టలేదా అని. తట్టలేదు. రోజూ కళ్ళ ముందున్నది ఒక్కోసారి కనపడదు.

వానలు వెనకపట్టాయనుకున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం జడివాన పట్టుకుంది. మేడమ్ గోడ మీద ఆరబెట్టిన పనసతొనల చేట కోసం పరుగెత్తింది. గోడ అవతల మా ఆవిడ, నెత్తిన గోనె కొప్పెర వేసుకుని, వానలో గొంతుక్కూర్చుని ఉంది. పెదాల మధ్య చుట్ట ఉంది. పొగ వస్తోంది. నిప్పు లేదు.

నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. మేడమ్ చేట వదిలేసింది. తొనలన్నీ బురదలో పడ్డాయి.

“పిన్నీ, నిప్పేదీ?”

మా ఆవిడ చుట్ట పట్టుకుని నోరు తెరిచింది. లోపల ఎర్రగా ఉంది.

“నోట్లోనా?”

“మరి వానలో బయటెడితే ఆరిపోదేటి?”

మేడమ్ గోడ చుట్టూ తిరిగి వెళ్ళి ఆ బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది. చుట్ట బయటికి ఉన్న కొన దగ్గర ముక్కు పెట్టింది. ఆ కొన కాలదు. లోపలి నిప్పుకు వెచ్చబడుతుంది, అంతే. బూడిద ఉండదు. మగ్గిన ఆకు, దానికి పట్టిన బెల్లం వెచ్చగా బయటికొస్తాయి. ఒళ్ళో పడుకున్న పిల్లకు ఆ కొనే దగ్గర. ఎంతసేపు మోకాళ్ళ మీద ఉందో చెప్పడానికి నా దగ్గర గడియారం లేదు. వాన మాత్రం తగ్గింది.

“నేను నిప్పును తప్పు వైపు పెట్టాను పిన్నీ,” అంది చివరికి. “ఇన్నాళ్ళూ తప్పు వైపు పెట్టాను.”

ఆ పూటనుంచీ పెరట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. ఒకరి నోట్లో నిప్పు, ఒకరి ముడిలో కాగితాలు. మా ఆవిడ కాలుస్తూ కబుర్లు చెప్పేది. నోట్లో చుట్ట ఉన్నా మాట ముద్దగా రాదు ఆమెకు, అదీ ఒక విద్యే. మేడమ్ ఒక్కొక్క చుక్క కలుపుకుంటూ పోయేది. వలిసె పూలు విరగబూసి కొండలన్నీ పచ్చబడ్డ రోజులవి. కాని పొద్దుటిపూట ‘లేదు’లు ఎక్కువయ్యాయి. మా ఆవిడ కాఫీ ఇంకా చిక్కబడింది.

అప్పుడే ఒకరోజు మా ఆవిడ ఏదో మాటకు తల వెనక్కి వాల్చి పెద్దగా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. “పిన్నీ, నోరు మూయకు,” అని గదిలోకి పోయి టార్చి తెచ్చింది. అంగిట్లో తెల్లటి మచ్చలున్నాయి, మధ్యలో చిన్న పుండు.

“అదెప్పట్నుంచో ఉంది. కారం తగిలితే మండుతాది, అంతే.”

మర్నాడే జీపు మాట్లాడి ఆస్పత్రికి తీసుకుపోయింది. నేనూ వెళ్ళాను. డాక్టరు చూసి, ఇది ముదరలేదు గాని చుట్ట ఈ రోజుతో ఆపెయ్యాలి, ఆపకపోతే తరవాత నేను చేసేదేమీ ఉండదు అన్నాడు. మా ఆవిడ మేడమ్‌కేసి తిరిగింది.

“నాను మానీత్తే నీ సెంటు?”

ఆవిడకు కావలసింది ఇంకా పూర్తిగా చిక్కలేదు. ఉన్న ముక్కు ఎన్నాళ్ళుంటుందో తెలియదు. మా ఆవిడ ఇంకొక నెల కాలిస్తే పని అయిపోయేది. ఒక్క మాట, మెల్లగా మానెయ్యి పిన్నీ అంటే చాలు.

“చుట్ట ఇలా ఇయ్యి,” అంది మేడమ్. రొంటిలో ఉన్నవి తీసుకుని, బెల్లం ముక్క మాత్రం మా ఆవిడ చేతిలో పెట్టి, చుట్టలు ఆస్పత్రి బయట చెత్తకుండీలో వేసింది. వాసన కూడా చూసుకోకుండా వేసింది. ఆవిడ దేన్నీ వాసన చూడకుండా పారెయ్యడం నేను చూసింది అదొక్కసారే.

తిరిగి వస్తుంటే ఘాట్‌లో మలుపు దగ్గర మా ఆవిడ అంది, “పెద్ద మాయలదానివి కదా. బెల్లం లేకంటా బెల్లం సేసినావు. సుట్ట లేకంటా సుట్ట సెయ్యి.”

చేసింది. ఉన్న రోజు కొంత, లేని రోజు గుర్తుకు తెచ్చుకుని కొంత. వలిసె పూలు రాలిపోయాక ఒక పొద్దున పిప్పళ్ళ డబ్బా తీసి, “లేదు,” అంది. మోచేతి మడత వాసన చూసుకుని నవ్వింది. “నా వాసన నాకే రావడం లేదు పిన్నీ.” అప్పటికి ముందురోజు కలిపిన సీసా ఒకటి బల్ల మీద ఉంది. దాన్ని తను చూసుకోలేదు. ఎలా వచ్చిందో తెలియదు. నన్ను అడగలేదు, నా గుడిగంటలు తెలుసు కనక. తన మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని, వాకిట్లో ముగ్గు పెడుతున్న మా ఆవిడ దగ్గరికి పోయి చెయ్యి చాపింది.

ఆ చుక్కను నేను పరీక్షించి ‘ఇదేనమ్మా’ అన్నానని జీపు డ్రైవర్లకు చెబుతుంటాను. నేను గుమ్మంలో పళ్ళు తోముకుంటున్నాను.

మా ఆవిడ వంగి వాసన చూసింది. ఆమె ఎడమ చెయ్యి మెల్లగా రొంటి దగ్గరికి పోయింది. అక్కడ చుట్ట లేదు. చుట్ట మానేశాక బెల్లం పెట్టుకోవడమూ మానేసింది. అయినా చెయ్యి అక్కడ వెతుకుతూనే ఉంది. మేడమ్ ఆ చేతికేసే చూస్తోంది.

“ఏం వెతుకుతున్నావు పిన్నీ?”

మా ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. “ఏటో. బెల్లం ముక్క. నీకు పెడదారని.”

మేడమ్ ముగ్గు పక్కన కింద కూర్చుండిపోయింది. కాసేపటికి తనలో తను అనుకున్నట్టు, “ఉంది,” అంది.

ఎండాకాలం మొదట్లో వెళ్ళిపోయింది. మొదటి సీసా మా ఆవిడకిచ్చింది. ఒంటికి పూసుకుంటుందనుకున్నాను. పూసుకోలేదు. రొంటిన దోపుకుంది, చుట్ట ఉండే చోట. అప్పుడప్పుడు మేడమ్ ఫోన్ చేసేది. ముక్కు మొత్తం పోయిందనీ, కొట్లో వాళ్ళు మాత్రం ఇంకా కలిపిమ్మంటున్నారనీ, కొలత ప్రకారం చేసి ఇస్తున్నాననీ చెప్పేది. చివర్లో నాతో, “బాబాయ్ గారూ, గుడిగంట మోగుతోందా?” అనేది. తరవాత ఫోన్లు తగ్గాయి. మేమూ చేయలేదు. చేయాల్సింది.

మొన్న సంతనుంచి వచ్చేసరికి మా ఆవిడ అరుగు మీద కూర్చుని పెసలు చెరుగుతోంది. నేను మణికట్టు ముందుకు చాపాను.

“నా సీసా ముట్టుకున్నావేటి మావా?” అని రొంటి తడుముకుంది. సీసా అక్కడే ఉంది. నా మొహంలోకి చూసింది. “ఎవులేసినారు?”

చెప్పాను. పెంచకుండా చెప్పాను. చేట పక్కన పెట్టి, లేచి, గోడ వెనక్కి పోయింది. చుట్ట మానేసిన దగ్గర్నుంచీ అక్కడికి పోవలసిన పని లేదు. చాలాసేపు అక్కడే కూర్చుంది. నేను వెళ్ళలేదు.

ఆ తరవాత ఇది రాశాను. మా ఆవిడకు చదువు రాదు. రాసిందంతా చదివి వినిపించాను. కుళాయి నీళ్ళ దగ్గర నవ్వింది. ఆస్పత్రి దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయాక, బావుందా అని అడిగాను.

“నాకు సిగ్గెక్కువని రాసినావు. నాకేటి సిగ్గు? మా అమ్మ కాల్సింది, మా అత్త కాల్సింది, నీ ఎదర నాను కాల్సలేదేటి? సదువుకున్న మడిసి ఇంట్లో ఉంది, నోట్లో నిప్పెట్టుకుని కూకుంటే పరువు పోతాదని నువ్వే కదా నన్ను గోడెనక్కి తోలీసినావు.”

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

“తట్టలేదని రాసినావు. తట్టింది. నిప్పులేని సుట్టని ఆ గుంట సెప్పిన పూటే నువ్వు గోడెనక్కొచ్చి, అది మన అడ్డపొగేనని నవ్వినావు. అయితే సెప్పేద్దారి అంటే, వద్దన్నావు.”

“అది ఎప్పటి మాటో లేవే,” అన్నాను.

“అప్పటికింకా దాని ముక్కు బాగుండీది,” అంది. “సుట్ట నీదని అందరికీ సెప్పుకుంటే సెప్పుకో, నాకేటి. ఇది మాత్రం రాయి. వానకాలమంతా గోడకిటు అది, గోడకటు నాను.”